హాలీ సిక్కా రూపాయి - నాణేల ప్రదర్శనలో ఒక పరిశీలన

ఇటీవల మా ప్రాంతంలో రెండు రోజులపాటు నాణేల ప్రదర్శన జరిగింది. పాత నాణేలు పోగుచేసే అలవాటు నాకు చాలా యేళ్ళుగా వున్న సంగతి సంఘ సభ్యులకు తెలిసిందే. అందుచేత "అక్కడ చూసినదాన్ని గురించి మన సావనీరుకు నాలుగు పేజీలు వ్రాసియివ్వు" అని కార్యవర్గంలోని పెద్దలు అడిగారు. చూసినవన్నీ చెప్పాలంటే నాలుగు పేజీలు కాదు, నలభై పేజీలైనా చాలవు. శాతవాహనుల సీసపు నాణేల దగ్గరనుంచి నిన్నమొన్నటి పది రూపాయల బిళ్ళ వరకు అన్నీ అక్కడ వున్నవి. అవన్నీ వదిలేసి, మనలో చాలామంది యిళ్ళలో యిప్పటికీ రేకుపెట్టెల అడుగున పడివున్న ఒక్క నాణేన్ని గురించే వ్రాస్తున్నాను. అది పాత హైదరాబాదు రాజ్యపు హాలీ సిక్కా రూపాయి.

ప్రదర్శన యెలా వుంటుందో చూడనివారికి కొంచెం చెప్పాలి. పెళ్ళిళ్ళు జరిగే హాలు ఒకటి అద్దెకు తీసుకుంటారు. ఒకవైపు గోడవారగా, పోగుచేసేవాళ్ళు తమ నాణేలను అద్దాల చట్రాల్లో అమర్చి పెడతారు. అవి అమ్మకానికి కావు. రెండోవైపు వ్యాపారుల బల్లలు. ఒక్కొక్క బల్లమీద ప్లాస్టిక్ జేబుల ఆల్బములు, భూతద్దం, చిన్న తూకపు యంత్రం. ఒక మూల తొట్టినిండా అన్ని దేశాల చిల్లర, యేది తీసుకున్నా ఒకే ధర. పిల్లలంతా దాని చుట్టే. నాకు యెక్కువ లాభం కలిగేది మాత్రం అద్దాల చట్రాల దగ్గర. వ్యాపారి దగ్గర ధర తెలుస్తుంది, పోగుచేసినవాడి దగ్గర సంగతి తెలుస్తుంది. తన నాణేన్ని గురించి అడిగేవాడు దొరికితే మధ్యాహ్నం భోజనం కూడా మరచిపోయి చెప్పేవాళ్ళు వాళ్ళలో వున్నారు. బస్సు చార్జీలు, హోటలు ఖర్చు లెక్కవేస్తే చారాణా కోడికి బారాణా మసాలా అన్నట్లే వుంటుంది గాని, ఆ మాటలకోసమైనా వెళ్ళవలసిందే.

మనవాళ్ళు యెక్కువగా గుమిగూడింది 786తో ముగిసే నోట్ల దగ్గర. పది రూపాయల నోటును దాని విలువకు యెన్నో రెట్లు పెట్టి కొంటున్నారు. యెవరి నమ్మకం వారిది, నేను కాదనను. కాని అది అచ్చుయంత్రంలో వరుసక్రమంలో పడిన అంకె. దానికి రెండు బల్లల అవతలే, 92 అనే అంకెను అర్థం తెలిసి, కావాలని చెక్కిన వెండి రూపాయలు పళ్ళెంలో పోసివున్నాయి. వాటివైపు చూసేవారు లేరు. ఆ 92 సంగతి తర్వాత చెబుతాను.

ఆ పళ్ళెం దగ్గరే ఒక పెద్దాయన రుమాలు మూట విప్పుతున్నాడు. డెబ్బై అయిదేళ్ళు దాటి వుంటాయి. మూటలో 41 రూపాయలు. వాళ్ళ అమ్మకు నిఖాలో యిచ్చిన మెహర్ సొమ్ములో మిగిలినవట. మనవడి కాలేజీ ఫీజుకు అమ్మడానికి తెచ్చాడు. వ్యాపారి వాటిని లెక్కపెట్టలేదు, అన్నీ కలిపి త్రాసులో పోశాడు. వెండి ధర చెప్పాడు. ఆయన తప్పు కూడా లేదు. చార్మినార్ బొమ్మ వున్న రూపాయలు లక్షలకొద్దీ తయారైనవి, చాలావాటికి వెండి విలువకంటే పెద్దగా యెక్కువ రాదు. "చాచా, ఒకసారి చూడవచ్చా" అని అడిగాను. "చూడు బేటా, అన్నీ ఒకటే. చదివేవాళ్ళు మా యింట్లో యిప్పుడెవరూ లేరు" అన్నాడు.

అన్నీ ఒకటి కావు. ముప్ఫైతొమ్మిది గుండ్రంగా, అంచుకు గీతలతో, చార్మినార్ బొమ్మతో వున్నవి. రెండు మాత్రం మందంగా, వంకరటింకరగా, బొమ్మ లేకుండా వట్టి అక్షరాలతో వున్నవి. ఆ రెండింటి మీద వున్న పేరు నిజాముది కాదు, ఢిల్లీలోని బహదూర్ షాది. ఆ మాట చెబితే చాచా నమ్మలేదు. "హైదరాబాద్ రూపాయి మీద ఢిల్లీ బాద్షా పేరెందుకు వుంటుంది?" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. దానికి సమాధానమే యీ వ్యాసం అనుకోండి.

మన చరిత్రలో ఒక రాజు రాజయ్యాడనడానికి రెండు గుర్తులు: శుక్రవారం ఖుత్బాలో అతని పేరు చదవడం, నాణెం మీద అతని పేరు కొట్టడం. ఖుత్బా, సిక్కా అని జంటగానే చెబుతారు. సైన్యం వున్నా, ఖజానా వున్నా, ఆ రెండూ లేనివాడు సుల్తాను కాడు. కనుక నాణేన్ని చూడగానే అడగవలసిన మొదటి ప్రశ్న "యెంత ధర" అని కాదు, "యెవరి పేరున" అని.

హైదరాబాదులో తయారైన నాణేల్లో మనకు సులభంగా దొరికే పాతవి కుతుబ్ షాహీల రాగి నాణేలు. అద్దాల చట్రాల్లో అవి బాగానే వున్నవి. అబ్దుల్లా కుతుబ్ షా కాలపు రాగి నాణెం మీద హిజ్రీ 1068, అంటే 1657-58, అని వుంటుంది. దానిమీద ఒక చిత్రమైన వాక్యం: శుభంతోను, సౌభాగ్యంతోను ముగిసింది అని దాని అర్థం. యేమిటి ముగిసింది? అంతకు కొద్ది కాలం ముందే, 1656లో, ఔరంగజేబు సైన్యం గోల్కొండ మీదికి వచ్చి, సంధి చేసుకుని వెళ్ళింది. ఆ కష్టం గట్టెక్కినందుకే అలా వ్రాయించారని కొందరి అభిప్రాయం. నిజంగా ముగిసింది మాత్రం 1687లో, కోట ఔరంగజేబు చేతికి చిక్కినప్పుడు. ఆ తర్వాత హైదరాబాదు టంకసాలలో మొగలు చక్రవర్తి పేరున వెండి రూపాయలు వచ్చాయి. వాటిమీద ఊరి పేరు దారుల్ జిహాద్ హైదరాబాద్. ఆ రూపాయల మీద కలిమా వుండదు. అంతకుముందు మొగలు నాణేల మీద కలిమా వుండేది. నాణెం చేతులు మారుతుంది, యెక్కడపడితే అక్కడ పడుతుంది, దానిమీద పవిత్ర వాక్యం వుండరాదని ఔరంగజేబు తీసివేయించాడు. కుతుబ్ షాహీ నాణేల మీద ఆసక్తి వున్నవారు మహమ్మద్ అబ్దుల్ వలీ ఖాన్‌గారు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ మ్యూజియం కోసం తయారుచేసిన జాబితా చూడాలి. అది 1961లో వచ్చింది. ఇప్పటికీ పనికివచ్చే పుస్తకం.

ఇక అసఫ్ జాహీలు. మొదటి నిజాం 1724లో దక్కనులో స్వతంత్రుడయ్యాడని స్కూలు పుస్తకాలు చెబుతాయి. నాణెం మాత్రం ఆ మాట చెప్పదు. 1724 నుంచి 1858 వరకు, నూట ముప్ఫైనాలుగేళ్ళు, నిజాముల రాజ్యంలో తయారైన రూపాయలన్నీ ఢిల్లీ చక్రవర్తి పేరునే వచ్చాయి. ఢిల్లీ చక్రవర్తికి యెర్రకోట గోడలు దాటి అధికారం లేని రోజుల్లో కూడా అంతే. పన్ను వసూలు తమది, సైన్యం తమది, పేరు మాత్రం బాద్షాది. అయితే నిజాములు ఒక పని చేశారు. చక్రవర్తి పేరు మధ్యలో, యెవరికీ అడ్డం రాకుండా, తమ పేరులోని మొదటి అక్షరం ఒక్కటి పెట్టారు. సికందర్ జాకు సీన్, నాసిరుద్దౌలాకు నూన్. చాచా మూటలోని రెండు రూపాయల్లో ఒకదానిమీద ఆ నూన్ స్పష్టంగా వుంది. భూతద్దం కింద చూపిస్తే అప్పటికి నమ్మాడు.

ఇది నిజాముల ఒక్కరి పద్ధతి అనుకోరాదు. మద్రాసు ఇంగ్లీషు కంపెనీవారు ఆర్కాటు రూపాయలు కొట్టినప్పుడు వాటిమీద రెండో ఆలంగీరు పేరు, హిజ్రీ 1172, పాలనలో ఆరో సంవత్సరం అని పెట్టారు. ఆ బాద్షా 1759లో హతుడయ్యాడు. ఆయన పోయిన దశాబ్దాల తర్వాత కూడా కంపెనీ అదే పేరు, అదే తేదీ కొడుతూ పోయింది. బజారులో జనానికి అలవాటైన రూపాయి అది, మారిస్తే తీసుకోరు. ఆంధ్ర జిల్లాలవారి యిళ్ళలో 1172 తేదీతో రూపాయి కనిపిస్తే అది తప్పనిసరిగా 1759 నాటిదని సంబరపడకండి. ఇంగ్లీషు రాజు బొమ్మతో అంతటా ఒకే రూపాయి రావడం 1835లోగాని జరగలేదు.

1857 తిరుగుబాటు అణచివేశాక ఇంగ్లీషువారు బహదూర్ షాను రంగూను పంపించారు. ఢిల్లీలో బాద్షా లేడు. ఇక నాణెం మీద యెవరి పేరు వేయాలి? హైదరాబాదులో అప్పుడు అఫ్జలుద్దౌలా నిజాముగా వున్నాడు, సాలార్జంగ్ దివానుగా వున్నాడు. ఆ సమయంలోనే చక్రవర్తి పేరు తీసేసి నిజాముల్ముల్క్ అసఫ్ జా బహదూర్ అనే పేరు పెట్టారు. గమనించండి, అది ఆ నిజాం సొంత పేరు కాదు, వంశ బిరుదు. సొంత పేరుకు గుర్తుగా అలిఫ్ అక్షరం ఒక్కటే. ఆ బిరుదుకు పైన 92 అంకె వేశారు. అబ్జద్ లెక్కలో ఒక్కొక్క అక్షరానికి ఒక విలువ వుంటుంది: మీమ్ 40, హే 8, మీమ్ 40, దాల్ 4. కలిపితే 92, అది ముహమ్మద్ అనే పేరు విలువ. పేరు వ్రాస్తే ఔరంగజేబు చెప్పిన అభ్యంతరమే వస్తుంది. అంకె వేస్తే గౌరవమూ దక్కుతుంది, అభ్యంతరమూ వుండదు. ఎవరి ఆలోచనో గాని మంచి ఆలోచన.

అప్పటికి రాజ్యంలో రూపాయి ఒకటి కాదు. నారాయణపేట, గద్వాల, వనపర్తి వంటి చోట్ల కూడా వేరే టంకసాలలు వుండేవి. ఒక ఊరి రూపాయి పక్క ఊరిలో వట్టం లేకుండా చెల్లేది కాదు. షరాబులు పరీక్షకు కొట్టిన చిన్నచిన్న ముద్రలు పాత రూపాయల మీద యిప్పటికీ కనిపిస్తాయి. సాలార్జంగ్ కాలంలో యీ గందరగోళాన్ని సరిచేసి, హైదరాబాదు టంకసాల రూపాయినే ప్రమాణంగా నిలబెట్టారు. దానికే హాలీ సిక్కా అని పేరు. హాలీ అంటే ప్రస్తుతం చలామణిలో వున్నది అని. ఇంగ్లీషు రూపాయిని కల్దార్ అనేవారు, కల్ అంటే యంత్రం, యంత్రంతో చేసినది కనుక కల్దార్. మన తాతల నాటి దస్తావేజుల్లో "సిక్కా హాలీ", "సిక్కా ఉస్మానియా", "కల్దార్" అని వ్రాసివుంటే ఆ మాటను తేలికగా తీసుకోకూడదు. నూరు కల్దార్లకు హాలీ సిక్కాలు 116 రూపాయల 10 అణాల 8 పైలు. అప్పుపత్రంలోగాని, మెహర్‌లోగాని ఆ ఒక్క మాట మారితే ఆరో వంతు సొమ్ము తేడా.

ఈ 116 లెక్క యెక్కడిది అని నాకు చాలా కాలం సందేహం వుండేది. ప్రదర్శనలో ఒక మిత్రుడు రెండు రూపాయలనూ తూచి చూపించాడు. కల్దార్ బరువు 11.66 గ్రాములు, అందులో పన్నెండింట పదకొండు పాళ్ళు వెండి, అంటే సుమారు 10.69 గ్రాముల శుద్ధ వెండి. చార్మినార్ రూపాయి 11.18 గ్రాములు, వెండి నూటికి 81.8 పాళ్ళు, అంటే 9.14 గ్రాములు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 1.169 వస్తుంది. నూటికి నూటపదహారు చిల్లర! ధరలో అప్పుడప్పుడు హెచ్చుతగ్గులు వచ్చినా, షరాబు లెక్క చివరికి వెండి దగ్గరే నిలబడింది. పుస్తకం చదివితే పట్టుబడని సంగతి తూకం వేస్తే పట్టుబడింది.

చార్మినార్ బొమ్మ వచ్చింది మహబూబ్ అలీ ఖాన్ కాలంలో. ముందు సుత్తితో కొట్టే పద్ధతి పోయి యంత్రంతో చేసే రూపాయి వచ్చింది, దాన్ని చర్ఖీ అనేవారు. తర్వాత సైఫాబాదులో కొత్త టంకసాల, హిజ్రీ 1321, అంటే 1903 ప్రాంతంలో చార్మినార్ రూపాయి. తక్కిన సంస్థానాల రాజులు చాలామంది ఇంగ్లీషువారిని చూసి తమ తలకాయల బొమ్మలు వేయించుకున్నారు. మనవాళ్ళు మనిషి బొమ్మ వేయరు గనుక ఊరి బొమ్మ వేశారు. దాని నడిమి ద్వారంలో ఒక అక్షరం వుంటుంది, చూడండి. మీమ్ వుంటే మహబూబ్ అలీ ఖాన్, 1911కు ముందుది. ఐన్ వుంటే ఉస్మాన్ అలీ ఖాన్, ఆ తర్వాతిది. బాద్షా పేరు చాటున భయంభయంగా దాక్కున్న ఆ ఒంటి అక్షరమే యిక్కడికి వచ్చి గుమ్మంలో నిలబడింది.

తేదీ చదవడం చాలా సులభం, పదేళ్ళ పిల్లలు కూడా అరగంటలో నేర్చుకుంటారు. ఒకటి నిలువు గీత. సున్న వట్టి చుక్క. అయిదు తలకిందులైన గుండె. ఏడు పైకి తెరచిన కొక్కెం, ఎనిమిది ఇంటి కప్పులా కిందికి తెరచినది. తొమ్మిది మనకు తెలిసిన ఇంగ్లీషు తొమ్మిదిలాగే వుంటుంది. రెండుకు పైన ఒక వంపు, మూడుకు ఒక పన్ను యెక్కువ. వచ్చిన హిజ్రీ సంవత్సరాన్ని 0.97తో గుణించి 622 కలపండి. 1337 అని వుంటే 1918.9 వస్తుంది. అంటే 1918 అక్టోబరులో మొదలై 1919లో ముగిసిన సంవత్సరం. మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన రోజులు. యుద్ధంవల్ల వెండికి కరువు వచ్చి, ఆ 1918లోనే హైదరాబాదు ప్రభుత్వం కాగితపు నోట్లు తెచ్చింది. నోటు మీద ఉర్దూతోబాటు తెలుగు, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషు భాషల్లో విలువ వుండేది. నాణెం చదవలేని రైతుకు నోటు తన భాషలో దొరికింది. రెండో యుద్ధకాలంలో వెండి పాలు సగానికి తగ్గింది. చిల్లరకు మధ్య రంధ్రం వున్న చిట్టి రెండు పైల బిళ్ళలు వచ్చాయి. చిన్నపిల్లల మొలతాడుకు కట్టినవి వాటినే.

1948 సెప్టెంబరులో రాజ్యం భారతదేశంలో కలిసింది. 1950లో టంకసాల కేంద్ర ప్రభుత్వం చేతికి వచ్చింది. ఏడు హాలీ రూపాయలకు ఆరు భారత రూపాయల లెక్కన మార్పిడి జరిగింది, అంటే ఆ పాత నూటపదహారే. కొన్నేళ్ళు రెండూ నడిచి, 1959తో హాలీ సిక్కా చెల్లకుండా పోయింది. జనం చేతిలో మిగిలినవి పెట్టెల్లోకి, కాసుల దండల్లోకి, కంసాలి మూసలోకి వెళ్ళాయి. మూసలోకి వెళ్ళినవే యెక్కువ. వెండి ధర పెరిగిన ప్రతిసారీ కొన్ని వేలు కరిగిపోతాయి. చాచా ఆ రోజు ముప్ఫైతొమ్మిదింటిలో ముప్ఫైఎనిమిది అమ్మాడు. ఫీజు కట్టాలి, ఆయన్ను యేమనగలం? వాళ్ళ అమ్మ నిఖా జరిగిన సంవత్సరం తేదీ వున్న ఒక రూపాయిని, బహదూర్ షా పేరున్న రెండింటిని వెనక్కు రుమాలులో కట్టుకున్నాడు. ఆ తేదీ ఆయనే వెతికి పట్టుకున్నాడు, నేను అంకెలు చెప్పానంతే.

ఇళ్ళలో పాత నాణేలు వున్నవారు చింతపండుతో, పౌడరుతో తోమకండి. నల్లబడ్డ పొరే దాని వయసుకు సాక్ష్యం. తోమిన నాణేన్ని తెలిసినవాడెవడూ మంచి ధరకు కొనడు. దండలో గుచ్చడానికి కొక్కెం అతికించినవాటికీ ధర తగ్గుతుంది, కాని ఇంటి గుర్తుగా విలువ తగ్గదు, వూడదీయకండి. కొనేటప్పుడు తూకం చూడండి, అంచు చూడండి. పోతపోసిన నకిలీకి అంచున సన్నని అతుకు గీత, ముఖం మీద చిన్న గుంటలు కనిపిస్తాయి. 1939 నాటి జార్జి వెండి రూపాయి అరుదైనది గనుక దానికి నకిలీలు విపరీతం. బంగారు అష్రఫీల సంగతి చెప్పనక్కరలేదు. "మీ దగ్గర పాత నాణెం వుంటే లక్షలు యిస్తాం, ముందు కమీషను పంపండి" అని ఫోనులో చెప్పేవాళ్ళు మోసగాళ్ళు. తమ పేరు వాడుకుని యిలా వసూలు చేస్తున్నారని రిజర్వు బ్యాంకువారే 2021 ఆగస్టులో హెచ్చరించారు.

చట్టం సంగతి కూడా కొంత తెలిసివుండాలి. భూమిలో దొరికిన నిధి పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 చట్టం. నూరేళ్ళు దాటిన నాణేలు 1972 చట్టం కింద పురావస్తువులు, వాటిని దేశం దాటించకూడదు. గల్ఫులోనూ, అమెరికాలోనూ వున్న పిల్లలకు జ్ఞాపకంగా తాతగారి రూపాయలు సూట్‌కేసులో పెట్టి పంపే అలవాటు మనలో వుంది. మీమ్ అక్షరం వున్న ప్రతి రూపాయికీ నూరేళ్ళు నిండాయి, ఐన్ వున్నవాటిలోనూ యేటేటా కొన్నిటికి నిండుతున్నాయి. పంపదలచుకుంటే ఫోటో తీసి పంపండి.

సైఫాబాదు టంకసాలలో నాణేల తయారీ 1997లో చర్లపల్లికి మారింది. పాత భవనంలో 2022 జూన్‌లో మ్యూజియం పెట్టారు. పిల్లలను తీసుకువెళ్ళి చూపించండి. హైదరాబాదులో తయారైన నాణేనికి సంవత్సరం కింద చిన్న నక్షత్రం గుర్తు వుంటుంది, ఇప్పటి మన జేబులోని చిల్లరలో కూడా. సంఘ సభ్యులలో యెవరి యింట్లోనైనా పాత నాణేలు వుంటే మన కార్యాలయానికి తీసుకురండి, పేరు, తేదీ చదివి కాగితం మీద వ్రాసియిస్తాను. తోమకుండా తీసుకురండి.